ముందు పిల్లాడిని ఎత్తుకునే మనిషి దొరకాలి, కూడికకు పేరు తర్వాత పెట్టుకోవచ్చు

వందనాలమ్మా. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర ఊరు, బాబుకి ఐదేళ్ళు, ఆటిజం అని విశాఖలో చెప్పారు, మీ ఆయన చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్ళారు, బాబు అరుస్తున్నాడని మూడు వారాలుగా నువ్వు మందిరం బయట మెట్ల మీదే కూర్చుంటున్నావు, మీ సంఘంలోనూ పక్క ఊరి సంఘంలోనూ కలిపి ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు ఇంకో నాలుగు ఉన్నాయి, అందరం ఒకరికొకరం తోడుగా ఉండేలా ఒక క్రైస్తవ కూడిక ఎలా మొదలుపెట్టాలి, రిజిస్ట్రేషన్ చేయించాలా, పాస్టరు అయ్యగారితో ఎలా మాట్లాడాలి, స్వస్థత సంగతేంటి, క్రైస్తవులు కాని కుటుంబాలు వస్తే ఏం చేయాలి అని అడిగావు. నీ వయసు మా పెద్దమ్మాయి వయసు ఉంటుందనిపించి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

మాది నెల్లిమర్ల. మా రెండో అమ్మాయికి ఇప్పుడు 22 ఏళ్ళు. పుట్టగానే ఏడవలేదు, తర్వాత సెరిబ్రల్ పాల్సీ అన్నారు, దాంతో పాటే ఫిట్స్. నడవదు, నేల మీద డేకుతుంది, మాటలు లేవు. మా దగ్గర ఈ కూడిక 2012లో ముగ్గురు తల్లులతో మొదలైంది, ఇప్పుడు పద్నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. మేం చేసిన తప్పులు కూడా చెబుతాను, అవి నీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటి తప్పు పెద్దగా మొదలుపెట్టడం. బ్యానర్ కట్టాం, నలభై కుర్చీలు తెచ్చాం, విజయనగరం నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచాం, భోజనాలు పెట్టాం. తల్లులు వచ్చారు, కానీ కూటం జరిగిన రెండు గంటలూ ఒక్క తల్లి కూడా కుర్చీలో కూర్చోలేదు. ఒకామె పిల్లాడు రోడ్డు మీదకి పరిగెడుతుంటే వాడి వెనక పడింది, ఒకామె డైపర్ మార్చడానికి చోటు వెతుక్కుంది, నేను మా అమ్మాయిని ఒళ్ళో పెట్టుకుని సౌండ్ బాక్స్‌కి దూరంగా పశువుల శాల దగ్గర నిలబడ్డాను. వాక్యం ఎవరికీ వినపడలేదు. తర్వాతి నెల ఎవరూ రాలేదు, వాళ్ళని ఏం తప్పుపడతాం, ఇంట్లో ఉంటేనే నయం కదా.

రెండో ప్రయత్నం మా వీధి గదిలో. ఈసారి ప్రసంగం లేదు. మా సంఘం యవ్వనస్థుల్లో ఇద్దరు ఆడపిల్లల్నీ ఒక కుర్రాడినీ పిలిచి, రెండు గంటలు పిల్లల్ని మీరు చూడండి, మేం పక్క గదిలోనే ఉంటాం, ఏదైనా అయితే పిలవండి అని చెప్పాం. తల్లులు ముగ్గురం చాప మీద కూర్చుని టీ తాగాం. పది నిమిషాలు గడిచేసరికి అందులో ఒకామె గోడకి ఆనుకుని నిద్రపోయింది. వాళ్ళబ్బాయి రాత్రుళ్ళు పడుకోడు, ఆమె కంటినిండా నిద్రపోయి ఎన్ని నెలలయ్యిందో. మేం లేపలేదు. ఆ రోజు ప్రార్థన గొంతు తగ్గించి చేసుకున్నాం. తర్వాతి నెల ఆమె తన తోటికోడలి ద్వారా తెలిసిన ఇంకో తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అక్కడి నుంచి ఇది పెరిగింది.

అందుకే నీకు నేను చెప్పేది ఒకటే. ప్రార్థన, వాక్యం, పాట అన్నీ కావాలి, అవి లేకపోతే మనం కూడుకోవడానికి కారణమే లేదు, కానీ వాటికంటే ముందు ఆ రెండు గంటలు నీ బాబుని నీ చేతుల్లోంచి తీసుకునే మనిషి దొరకాలి. అలాంటివాళ్ళు ఇద్దరు దొరికిన రోజు కూడిక మొదలైనట్టే.

వాళ్ళని ఎలా తయారుచేయాలంటావా, పెద్ద ట్రైనింగ్ అక్కర్లేదు. వాళ్ళని ఒక ఆదివారం సాయంత్రం మీ ఇంటికి రమ్మను, బాబు మామూలుగా ఉన్నప్పుడు చూడనివ్వు. వాడికి ఏది ఇష్టం, ఏ శబ్దం పడదు, ఆకలైతే ఏం చేస్తాడు, దొడ్డికి వస్తే ఎలా తెలుస్తుంది, ఏడిస్తే ఎత్తుకోవాలా, వదిలేయాలా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వు. మా దగ్గర ప్రతి పిల్లకీ అలాంటి కాగితం ఒకటుంది, దాని కిందనే తల్లి ఫోన్ నంబరు, మందుల పేర్లు. తినేవాటి సంగతి మరిచిపోకు. మా అమ్మాయి లాంటి పిల్లలకి మింగడం కష్టం, నిటారుగా కూర్చోబెట్టి మెత్తగా చేసి పెట్టాలి. ప్రేమ కొద్దీ వేరుశెనగ గింజలో, మిక్చరో పెడితే శ్వాసకి అడ్డం పడుతుంది. ఆటిజం పిల్లల్లో కొందరు ఒకే రకం తిండి తప్ప ముట్టరు, మా దగ్గర ఒకడు చోడి అంబలి తప్ప ఏదీ తినడు, ఆ స్టీలు గ్లాసు కూడా వాడిదే ఉండాలి. వాడి గ్లాసు వాళ్ళమ్మ సంచిలో తెస్తుంది, ఎవరూ ఏమీ అనరు.

ఇక మందిరం సంగతి. బాబు అరుస్తున్నాడంటే నాకు ముందు సౌండ్ బాక్సే గుర్తొస్తుంది. మన ఊళ్ళ మందిరాలు చిన్నవి, రేకుల కప్పు, అందులో రెండు పెద్ద బాక్సులు, ప్యాడ్, కీబోర్డు. మామూలు మనిషికే చెవులు గింగురుమంటాయి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి శబ్దం నొప్పిలా తగులుతుంది, చెవులు మూసుకుంటారు, అరుస్తారు, అది మొండితనం కాదని పెద్దలకి నువ్వు చెప్పాలి. పక్క తలుపు దగ్గర, బాక్సుకి వెనక వైపు ఒక బెంచీ మీ కోసం ఖాళీగా ఉంచమను. మొదటి పాటల సమయం అయ్యాక లోపలికి వెళ్ళు, పాటలే వాడికి ఇష్టమైతే పాటలకే వెళ్ళి ప్రసంగానికి ముందు బయటికి రా, ఆరాధన మొత్తం కూర్చోవాలని ఎవరూ రాసి పెట్టలేదు. చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్‌లు దొరుకుతాయి, కొందరు పిల్లలు ఉంచుకుంటారు, కొందరు పీకేస్తారు. ఇంకో మంచి పద్ధతి, మందిరం గేటు, మీరు కూర్చునే బెంచీ, పాడేవాళ్ళు, ప్రార్థన, బిస్కెట్, ఇల్లు, ఇలా ఆరు ఫోటోలు ఫోన్‌లో తీసి ప్రింట్ చేయించి వరసగా అట్టకి అంటించు. శనివారం రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూపించు. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే ఈ పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. మా దగ్గర ఒక బాబు ఇప్పుడు తనే ఆ అట్ట పట్టుకుని వస్తాడు, ప్రార్థన ఆలస్యమైతే అయ్యగారికి బిస్కెట్ ఫోటో చూపిస్తాడు.

అయ్యగారితో మాట్లాడేటప్పుడు ఫిర్యాదుతో మొదలుపెట్టకు. నువ్వు మెట్ల మీద కూర్చుంటున్నావని ఆయనకి తెలియకపోవచ్చు, పీఠం మీద నిలబడిన మనిషికి గుమ్మం బయట ఏముందో కనిపించదు. ఆయన భార్య అమ్మగారితో ముందు చెప్పు, మన ఊళ్ళలో చాలా తలుపులు అమ్మగారి వైపు నుంచే తెరుచుకుంటాయి. బెంచీ, ఇద్దరు మనుషులు, నెలకి ఒక శనివారం మందిరం గది, ఈ మూడే అడుగు.

సంఘ పెద్దలు ఎవరైనా ఇది మన పని కాదు, గవర్నమెంటు పని అంటే వాళ్ళ తాతలనాటి సంగతి గుర్తుచెయ్యి. ఈ ప్రాంతానికి కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు వచ్చినప్పుడు మందిరంతో పాటు బడి, ఆసుపత్రి కూడా కట్టారు. కుష్ఠురోగిని ఊరి బయటికి గెంటేసే రోజుల్లో సాలూరులో ఆ రోగుల కోసం ఒక మిషన్ ఆసుపత్రి నడిచింది. ఎవరూ ముట్టుకోని మనిషిని ముట్టుకోవడం మన సంఘాలకి కొత్త కాదు.

సౌలు రాజు మనవడు మెఫీబోషెతు సంగతి బైబిల్లో రెండవ సమూయేలు 4, 9 అధ్యాయాల్లో ఉంది, వీలైతే అయ్యగారిని దాని మీద ఒక ఆదివారం చెప్పమని అడుగు. నేను ఆ అధ్యాయాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఐదేళ్ళ పిల్లాడు, నీ బాబు వయసే, దాది ఎత్తుకుని పారిపోతుంటే పడిపోయి కుంటివాడయ్యాడు. అక్కడ ఎవరి పాపమూ చెప్పలేదు, దాదిని కూడా ఒక్క మాట అనలేదు, తొందరలో జరిగింది అని మాత్రమే ఉంది. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి నన్ను ఎంతమంది అడిగారో, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఏ గ్రహణం చూశావు, ఎవరి ఉసురు తగిలింది అని, మందిరం లోపలి వాళ్ళు కూడా ఏ పాపం ఒప్పుకోలేదు అని. ఆ మాట యోహాను 9లో శిష్యులే అడిగారు, వీడు చేశాడా, కన్నవాళ్ళు చేశారా అని, ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. ఇది తల్లులకి పదే పదే చెప్పాలమ్మా, ఒకసారి వింటే గుండెకి పట్టదు.

మెఫీబోషెతు కథలో నాకు పని నేర్పింది మాత్రం తర్వాతి భాగం. దావీదు అతన్ని తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు, అంతటితో ఆగలేదు, సౌలు భూమి తిరిగి ఇచ్చి, సౌలు ఇంటి సేవకుడు సీబాని, అతని పదిహేను మంది కొడుకుల్ని, ఇరవై మంది పనివాళ్ళని ఆ భూమి దున్నమన్నాడు. అంటే చోటు ఇచ్చాడు, బతుకుతెరువూ చూశాడు. ఆ అధ్యాయం చివరి మాట ఏంటంటే అతని రెండు కాళ్ళూ కుంటివే. రాజు బల్ల దగ్గర కూర్చున్నాక కూడా కాళ్ళు బాగవలేదు, అయినా బల్ల దగ్గర చోటు పోలేదు.

ఇది స్వస్థత గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను స్వస్థతను నమ్ముతాను, మా అమ్మాయి కోసం ఈ రోజుకీ ప్రార్థన చేస్తాను. కానీ ఒక స్వస్థత కూటంలో ఒకాయన మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, బాగైపోయింది, విశ్వాసం ఉంటే మందు ఆపండి అన్నాడు. ఆపాను. అప్పుడు దానికి ఆరేళ్ళు. మూడో రోజు తెల్లవారుజామున మొదలైన ఫిట్స్ ఆగలేదు, ఆటోలో విజయనగరం, అక్కడి నుంచి అంబులెన్సులో విశాఖ కేజీహెచ్, పదకొండు రోజులు. అంతకుముందు అది పట్టుకుని నిలబడేది. తర్వాత నిలబడలేదు. ఆ మాట రాయడం నాకిప్పటికీ కష్టంగానే ఉంది, నీ కోసం రాస్తున్నాను. ఫిట్స్ మందు డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఆగని ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మా కూడికలో ఎవరు ప్రార్థన చేసినా సరే, ఏ సేవకుడు వచ్చినా సరే, మందు ఆపమనే మాట, విశ్వాసం తక్కువైంది అనే మాట అనకూడదు. వచ్చే ముందే ఆయనకి చెప్పేస్తాం, ఒప్పుకుంటేనే పిలుస్తాం. మీరూ మొదటి రోజే ఈ కట్టుబాటు పెట్టుకోండి.

పిల్లల్ని చూసుకునే యవ్వనస్థులకి ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్పండి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, టైం చూసుకోవాలి. నోట్లో చెంచా, నీళ్ళు, గుడ్డ ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

పిల్లల భద్రత గురించి చాలామంది అడగరు, నేను అడగకుండానే చెబుతాను. మాట రాని పిల్ల తనకి ఏం జరిగిందో చెప్పలేదు. అందుకే మా దగ్గర ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, అయ్యగారైనా, నా భర్తైనా. ఎప్పుడూ ఇద్దరు, తలుపు తెరిచే ఉండాలి. బట్టలు మార్చడం, బాత్‌రూమ్ పని తల్లే చేయాలి, లేదా తల్లి చెప్పిన ఆడమనిషి. కొత్తగా సాయం చేస్తాం అని వచ్చినవాళ్ళని మూడు నెలలు పిల్లల గదిలోకి పంపం, కుర్చీలు వేయడం, వంట, అలాంటి పనులు ఇస్తాం, మంచి మనసున్నవాళ్ళు నొచ్చుకోరు. ఏదైనా జరిగిందని అనుమానం వస్తే సంఘంలో పంచాయితీ పెట్టకూడదు, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. అలాగే ఫోటోలు. పిల్లల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో, సంఘం యూట్యూబ్‌లో పెట్టనివ్వకు. చొంగ కారుతున్న మా అమ్మాయి ఫోటోని ఎవరో కానుకల కోసం చూపించారని నాకు ఏడాది తర్వాత తెలిసింది. అది నా కూతురు, ఎవరి సాక్ష్యానికీ బొమ్మ కాదు.

ఇప్పుడు సీబా పని, అంటే కాగితాల పని. ప్రార్థన కూడికలో కాగితాలేంటి అని కొందరు అంటారు. ఒక కుటుంబానికి పింఛను వచ్చేలా చేయడం ఆ ఇంటికి నెలనెలా చేసే పరిచర్యే. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ మొదటిది, గ్రామ సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవాలి, ఇచ్చిన తేదీకి గవర్నమెంటు ఆసుపత్రికి పిల్లాడిని తీసుకెళ్ళాలి. వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. చిన్నపిల్లలకి చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకో. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు వేరే ఉంటుంది, అది కూడా చేయించుకో. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం అందులో ఉంది, కాబట్టి ఆటిజానికి సర్టిఫికెట్ రాదని ఎవరైనా అంటే నమ్మకు.

ఆసుపత్రికి వెళ్ళే రోజు ఒంటరిగా వెళ్ళొద్దు, మా కూడికలో ఇదొక రివాజు. లైన్‌లో నిలబడటానికి ఒకరు, పిల్లాడిని చెట్టు కింద తిప్పడానికి ఒకరు. ఒక్కదానివే వెళితే పేరు పిలిచే సమయానికి వాడు ఎక్కడో ఉంటాడు, స్లాట్ పోతుంది, మళ్ళీ కూలి పోగొట్టుకుని రావాలి. జెరాక్సులు ఐదేసి సెట్లు ముందే తీసి కవర్లలో పెట్టుకోండి.

బడి విషయానికొస్తే ఆ 2016 చట్టం ప్రకారమే 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది, దగ్గరి బడిలోనైనా, కావాలంటే ప్రత్యేక బడిలోనైనా. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడుగు, అక్కడ ఈ పిల్లల కోసం టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ రోజులు ఉంటాయి, బయటికి రాలేని పిల్లల ఇంటికి టీచరు రావడం కూడా ఉంది. మాటలు, నడక ఆలస్యమైన చిన్నపిల్లల్ని పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే వాళ్ళకి చూపిస్తే, ఇలాంటి పిల్లలకి చిన్నప్పుడే చికిత్స మొదలుపెట్టే జిల్లా కేంద్రానికి (డీఈఐసీ) రాసి పంపుతారు. మీ నాలుగు ఇళ్ళలో మూడేళ్ళ లోపు పిల్లలు ఉంటే ఆ పని ఈ వారమే చెయ్యండి, మేం ఆ వయసులో ప్రార్థన చేస్తూ కూర్చుని రెండేళ్ళు పోగొట్టుకున్నాం.

నిరామయ అని ఒక ఆరోగ్య బీమా ఉంది, నేషనల్ ట్రస్టుది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులో కూడా కొంత వస్తుంది. ట్రస్టులో నమోదైన సంస్థ ద్వారా చేరాలి. రైలుకి, మేధో వైకల్యం ఉండి ఒంటరిగా ప్రయాణం చేయలేని పిల్లలకీ తోడు వెళ్ళే మనిషికీ స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది, ఆమదాలవలసలో బండి ఎక్కి విశాఖ వెళ్ళే తల్లులకి ఇది తెలియక నిండు టికెట్ కొంటున్నారు.

మగవాళ్ళ గురించి. మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో తండ్రి ఊళ్ళో ఉండడు, చెన్నై, హైదరాబాద్, విజయవాడ. ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి మీ బాధ చెప్పండి అంటే చెప్పరు, మేం రెండుసార్లు అడిగి ఊరుకున్నాం. పని చెబితే వస్తారు. మందిరం మెట్ల పక్కన ర్యాంపు కట్టడానికి తండ్రులు ఐదుగురు వచ్చారు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క, లేకపోతే చక్రాల కుర్చీ తొయ్యలేం. ఒకాయన వడ్రంగి, పిల్లలు మూలకి ఆనుకుని కూర్చునేలా రెండు పలకలు కలిపి కార్నర్ చైర్ చేశాడు, ముందు ఒక పలక బల్లలా వస్తుంది, మా అమ్మాయి మొదటిసారి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని కూర్చుంది. ఆ పని చేస్తూ చేస్తూ వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒకాయన, నా బాబు పుట్టాక మా అమ్మ మా ఇంట్లో అన్నం ముట్టడం లేదు అన్నాడట. అది వాళ్ళావిడకి కూడా తెలియదు. మీ ఆయన పండక్కి వచ్చినప్పుడు ఇలాంటి పని ఒకటి దాచి ఉంచు. దూరంగా ఉన్న రోజుల్లో కూడిక జరుగుతుంటే ఐదు నిమిషాలు వీడియో కాల్ చెయ్యి, బాబు వేరేవాళ్ళ ఒళ్ళో నవ్వుతూ కనిపిస్తే ఆ మనిషికి కూడా రాత్రి నిద్ర పడుతుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళని మరిచిపోవద్దు. మా పెద్దమ్మాయి చిన్నప్పుడు, దీన్ని నేనే చూడాలా, నాకు పెళ్ళవుతుందా అని ఒకసారి అడిగింది. అప్పుడు దానికి పదకొండేళ్ళు. నేను కసిరాను. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఈ అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని మాత్రమే బీచికో, రామతీర్థం వైపో తీసుకెళ్తాం, వాళ్ళు అడిగినవి కొనిపెడతాం, వాళ్ళు ఏం మాట్లాడుకున్నా మేం అడగం.

క్రైస్తవులు కాని కుటుంబాలు వస్తే ఏం చేయాలి అని అడిగావు. రానివ్వు. మా పద్నాలుగు ఇళ్ళలో ఐదు ఇళ్ళు హిందువులు, ఒక ఇల్లు ముస్లింలు. ఇక్కడ ప్రార్థన జరుగుతుంది, ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే ఆ పావుగంట పిల్లల గదిలో ఉండండి, రెండింటికీ ఒకటే టీ అని మొదటే చెబుతాం. సదరం లైన్‌లో తోడు రావడానికి, డైపర్లు ఇవ్వడానికి బాప్తిస్మం షరతు పెట్టకూడదు, ఆ మాట సూచనగా కూడా అనకూడదు. కష్టంలో ఉన్న తల్లి దేనికైనా తల ఊపుతుంది, ఆ ఊపుని విశ్వాసం అనుకోవడం ఆమెకీ ప్రభువుకీ అన్యాయం. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున ఆ హిందూ తల్లుల్లో ఒకామె పిల్లాడిని నా దగ్గర వదిలి దర్శనానికి వెళ్ళి వస్తుంది, జనంలో వాడు తట్టుకోలేడు. సంఘంలో ఒకరిద్దరు నన్ను ప్రశ్నించారు. పిల్లాడిని చూసుకుంటున్నాను, అంతే అన్నాను.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడే రిజిస్ట్రేషన్ వద్దు. టీ, బిస్కెట్, జెరాక్సులకి నెలకి ఐదారు వందలు చాలు, ఇద్దరు లెక్క రాయాలి, అందరి ముందు చదవాలి. రెండేళ్ళు నిలబడితే అప్పుడు ఏడుగురు సభ్యులతో సొసైటీ చేయించుకోవచ్చు. విదేశాల నుంచి ఎవరైనా పంపిస్తాం అంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు, మీ సొంత ఖాతాలో అసలు వేయించుకోవద్దు.

ఒకటి నువ్వు అడగలేదు కానీ కొన్నేళ్ళకి వస్తుంది. మా అమ్మాయికి 17 ఏళ్ళప్పుడు బాప్తిస్మం గురించి అడిగాను. పెద్దలు, మాట రాని పిల్ల ఒప్పుకోలు ఎలా చెబుతుంది, మన బాప్టిస్టు పద్ధతి కాదు అన్నారు. వాళ్ళ ప్రశ్న అన్యాయమైంది కాదు. అయ్యగారు ఏమీ అనకుండా వారం రోజులు సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. మా ఇంట్లో ఏడున్నరకి కుటుంబ ప్రార్థన. గోడ గడియారం కొట్టగానే మా అమ్మాయి డేకుతూ వెళ్ళి మంచం కింద నుంచి చాప లాక్కొస్తుంది, వాళ్ళ నాన్న టీవీ ముందు ఉంటే ఆయన లుంగీ పట్టి గుంజుతుంది, బైబిల్ ఆయన చేతిలో పెట్టేదాకా ఊరుకోదు. ఏడు రోజులూ చూశారు. ఆదివారం పెద్దలతో, ఈ ఇంట్లో ప్రార్థనకి పిలుస్తున్నది ఆ పిల్లే, మీలో ఎంతమంది ఇళ్ళలో పిల్లలు పిలుస్తారు అని అడిగారు. చంపావతి ఏట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు నాలుగు కాళ్ళు పట్టుకుని ఇచ్చారు. భయపడుతుందేమో అనుకున్నాం, నీళ్ళు కొడుతూ నవ్వింది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె చిన్న ముక్క ద్రాక్షరసంలో నానబెట్టి నేను పెడతాను, లేకపోతే మింగలేదు.

నా తర్వాత ఎవరు అనేది ప్రతి తల్లి కడుపులో ఉండే ప్రశ్న. దానికి కాగితం ఒకటుంది. 18 దాటాక కూడా తన నిర్ణయాలు తాను తీసుకోలేని ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న మనిషికి, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీ చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమిస్తుంది. మా కూడికలో ముగ్గురికి చేయించాం. ఎవరి పేరు రాయాలో నిర్ణయించుకోవడానికే ఏడాది పడుతుంది, మాకు పెద్దమ్మాయి తనంతట తానే రాయమంది. నీకు ఇంకా పదమూడేళ్ళు ఉన్నాయి, ఇప్పుడు దాని గురించి రాత్రుళ్ళు మేలుకోవద్దు.

ఇప్పుడు చేయాల్సింది, ఆ నాలుగు ఇళ్ళలో నీకు బాగా దగ్గరైన ఇద్దరు తల్లులకి ఫోన్ చెయ్యి. ఏం చేద్దాం అని అడగకు, శనివారం మూడింటికి మా ఇంటికి రండి, పిల్లల్ని చూడటానికి మనిషి ఉన్నారు అని చెప్పు. యవ్వనస్థుల్లో ఆ మనిషిని ముందు ఖాయం చేసుకో. ఆదివారం వద్దు, మందిరం పనితో అందరూ అలిసిపోయి ఉంటారు. రెండో శనివారం అయితే బడి పిల్లలు కూడా సాయానికి దొరుకుతారు. మొదటి రోజు నన్ను రమ్మంటే వస్తాను, నెల్లిమర్ల నుంచి పొద్దున్నే బయలుదేరితే మీ ఊరికి మధ్యాహ్నానికి చేరొచ్చు. మా అమ్మాయిని కూడా తెస్తాను, కింద పరవడానికి ఒక చాప ఉంచు.